చూసి గీసినది

జూన్ 3

నా బొమ్మలో తప్పుందేమో అడగడానికి ఒక అమ్మాయి అట్టపెట్టె పట్టుకొని ఏకంగా ఇంటికే వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే మా హెర్బేరియంలో చేరి రెండేళ్ళయిందట. "మేడం, మీ బొమ్మలు చూసే నేను ఈ చదువులోకి వచ్చాను" అని మొదలుపెట్టింది. ఇలా మొదలుపెట్టినవాళ్ళు మంచి మాటతో ముగించడం నేనింతవరకూ చూడలేదు.

పెట్టెలో, పోయినేడు వానల్లో కోసి కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టిన కొమ్మ ఉంది. ఆకు చూడగానే పోల్చుకున్నాను. పొగచెట్టు. పూలు బూడిదరంగులో పొగలా ఉంటాయని మేం దాన్ని అలా పిలిచేవాళ్ళం. ఇరవై రెండేళ్ళ కిందట నేను గీసేదాకా అలాంటి చెట్టుందని ఏ పుస్తకంలోనూ లేదు. మేం తెచ్చిన కొమ్మను హెర్బేరియం అల్మరాలో పురుగులు తినేశాయి. ఇప్పుడా చెట్టుకు సాక్ష్యం నా బొమ్మ ఒక్కటే.

ఈ కొమ్మకు కాయలున్నాయి. గోధుమరంగు, పల్చన, మూడు రెక్కలు. నా బొమ్మలో కాయ గుండ్రంగా, ఎర్రగా, ఐదు గాట్లతో ఉంటుంది.

"ఆకు అదే మేడం. పువ్వు కూడా అదే. కాయ మాత్రం..." అని నీళ్ళు నమిలింది.

"అయితే ఇది వేరే చెట్టు."

"అయ్యుండొచ్చు. మీరు కాయ కళ్ళారా చూశారు కదా, అందుకే అడుగుదామని వచ్చాను."

"బొమ్మ కింద ఏం రాసుందో చదవలేదా?"

చదివానంది. కాఫీ తాగకుండానే వెళ్ళింది. నేనూ బలవంతపెట్టలేదు.

జూన్ 4

ఆ పిల్లకి పొగరు.

జూన్ 8

నాకంటే ముందు హెర్బేరియంలో బొమ్మలు వేసినవాళ్ళు ఫ్యాను కింద కూర్చుని వేసేవాళ్ళు. ఎవరో తెచ్చిన ఎండు కొమ్మను ముందు పెట్టుకొని, మనసుకు తోచిన రంగు పూసేవాళ్ళు. ఆడదానివి, అడవిలో ఎక్కడ పడుకుంటావు, స్నానం ఎలా చేస్తావు అని నన్ను నిలదీసిన పెద్దమనుషుల్లో ఒక్కడికీ ఆకు వెనకవైపు ఏ రంగుంటుందో తెలియదు. అయినా వెళ్ళాను. జలగలు పట్టాయి. కాగితాలకు బూజు పట్టింది. ఆ వానల్లో, ఎండ నేలకు దిగని ఆ చీకట్లో, వేసిన రంగు మూడు రోజులైనా ఆరేది కాదు. గొడుగు కింద పలక పెట్టుకొని, కోసిన పువ్వు వాడేలోపు గంటలో గీసేదాన్ని. ఆడవాళ్ళలో నాకంటే ముందు ఆ పని చేసినవాళ్ళు లేరు. ఇది గొప్పలు పోవడం కాదు. లేరు కాబట్టి లేరు.

బొమ్మ కింద కుడివైపు పెన్సిలుతో 'చూసి గీసినది' అని రాసే పద్ధతి నేను పెట్టిందే. చూడని భాగం ఉంటే ఆ చోట తెల్ల కాగితం వదిలేయాలి. పువ్వు దొరక్కపోతే పువ్వుండదు, కాయ దొరక్కపోతే కాయుండదు. బొమ్మకు బొక్క పెట్టిందని మొదట్లో నవ్వారు. తరవాత ఎక్కడెక్కడివాళ్ళో ఆ ఖాళీలను చూసే నా బొమ్మలను నమ్మారు.

ఆ కాయ నాకు బాగా గుర్తు. ఉడత దాన్ని పైనుంచి గుడ్డలో మూటకట్టి తాడుతో దించాడు. ఉడత అంటే పదకొండేళ్ళు నా కోసం చెట్లెక్కిన మనిషి. అసలు పేరుతో నేనెప్పుడూ పిలవలేదు. కాయను అరచేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంది. ఆ వెంటనే అతను పడిపోయాడు.

జూన్ 10

పడకగది గోడ మళ్ళీ చెమ్మ ఎక్కింది. పోయిన నెలే రంగు వేయించాం. చెల్లి ఆ రంగులవాణ్ణి పిలిపించి వాకిట్లో నిలబెట్టి ఉతికి ఆరేసింది. భర్త పోయాక ఈ ఇంటికి వచ్చిన దగ్గరనుంచి పెత్తనమంతా దానిదే, నాకూ అదే సుఖం.

"పాత సున్నం గీకకుండా పైపైన పూసి పోయాడు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. మనకేం కళ్ళు లేవనుకున్నాడా అక్కా?" అంది భోజనాల దగ్గర.

నేను కంచం పక్కకు జరిపాను. కారం ఎక్కువైందని చెప్పాను. దాంతో దానికి ఇంకో కోపం వచ్చింది.

జూన్ 13

ఇవాళ ఇంకా స్పష్టంగా గుర్తొచ్చింది. ఉడత కాయను పైనుంచి విసిరాడు, నేను కొంగు పట్టాను. కొంగులో పడకుండా నేల మీద పడి ఒక పక్క నలిగింది. బొమ్మలో ఆ నలిగిన చోటు దిద్దేశాను. ఇన్ని వివరాలు గుర్తున్న మనిషి తప్పెలా గీస్తుంది?

జూన్ 15

డైరెక్టరు వచ్చాడు. నేను మొదటిసారి అడవికి వెళ్ళినప్పుడు ఇతను నిక్కరు వేసుకొని బడికి వెళ్తుండేవాడు. ఇప్పుడు నా సోఫాలో కాలు మీద కాలు వేసుకొని 'మన హెర్బేరియం' అంటున్నాడు.

"మేడం, మీ చెట్టుకు గుండ్రటి కాయ. ఈ అమ్మాయి తెచ్చినదానికి రెక్కల కాయ. అంటే ఇది కొత్త జాతి. దానికి మీ పేరు పెడదామని నా కోరిక. ఇంతకాలం మీకు మేం ఏమీ చేయలేకపోయాం."

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

"చిన్నపిల్ల, దానికి అన్నీ అనుమానాలే. కాయను మీరు స్వయంగా చూశారని ఒక్క వాక్యం రాసిస్తే చాలు, నోరు మూసుకుంటుంది."

నా పేరుతో ఒక చెట్టు. నేను పోయాక కూడా అడవిలో నిలబడి ఉంటుంది. వద్దనడానికి నోరు రాలేదు, ఎందుకు రావాలి? నా తరంలో నా వెనకాల గొడుగు మోసినవాళ్ళ పేర్లతో కూడా రెండేసి మొక్కలున్నాయి. నా పేరుతో ఒక గడ్డిపరక లేదు.

జూన్ 16

'పొగచెట్టు కాయను నేను స్వయంగా, పచ్చిగా ఉండగా చూసి గీశానని తెలియజేస్తున్నాను.' సంతకం పెట్టి పంపాను.

జూన్ 17

బాగా నిద్ర పట్టింది.

జూన్ 18

బాగానే నిద్ర పట్టింది.

జూన్ 28

హెర్బేరియం కొత్తమ్మాయి ఫోను చేసింది. గొంతులో మునుపటి జంకు లేదు, ఉత్సాహం పొంగిపోతోంది.

"మేడం, మీ ఉత్తరంతో రెండు జాతులని తేలిపోయింది. రెక్కల కాయది మాకు దొరికింది. గుండ్రటి కాయది మీ తరవాత ఎవరికీ కనబడలేదు. అది పూర్తిగా పోయిందో, ఎక్కడన్నా ఒకటీ అరా మిగిలిందో చూడాలి. ఆగస్టులో వెళ్తున్నాం. చెట్లెక్కేవాళ్ళు ముగ్గురు. లోయలో ఉన్న ప్రతి పొగచెట్టూ ఎక్కి చూడాల్సిందే."

"ఆగస్టులోనా? వానల్లో బెరడంతా నాచు పట్టి ఉంటుంది."

"కాయ అప్పుడే కదా మేడం. మీరు చూసిన చెట్టు ఎటువైపో గుర్తుందా?"

వాగుకు ఎడమవైపు అని చెప్పాను. రాళ్ళగుట్ట దాటాక, గోడల్లాంటి వేళ్ళున్న చెట్టు పక్కన అని చెప్పాను.

"కాయలు ఎక్కడ ఉంటాయి మేడం?"

"చిట్టచివరి కొమ్మల్లో" అన్నాను.

థాంక్స్ మేడం అంది. మీ దయ అంది.

జూన్ 29

రాయడానికేమీ లేదు.

జూన్ 30

అన్నం సహించడం లేదు. చెల్లి డాక్టరు దగ్గరికి పదమంటోంది.

జూలై 2

వెనక్కి తిప్పి చదివాను. ఎనిమిదో తారీకున మూటకట్టి దించాడని రాశాను. పదమూడున విసిరాడని రాశాను. ఎవరూ చదవని ఈ పుస్తకంలో ఎవరిని నమ్మించడానికి ఇన్ని తంటాలు?

కాయ నేను చూడలేదు.

ఆ రోజు మా ప్రయాణంలో ఆఖరి రోజు. తెల్లారేదాకా వాన. ఉడత చెట్టు మొదట్లో నిలబడి బెరడు మీద చెయ్యి వేసి, "తడిగా ఉందమ్మా, రేపు చూద్దాం" అన్నాడు. రేపు లేదు కదా, వెళ్ళిపోతున్నాం కదా అన్నాను. పూలు గీసి, ఆకు గీసి, బొమ్మలో ఒక్క కాయ చోటు మిగిలింది. ఆ ఒక్క ఖాళీ నా కళ్ళలో నలుసులా ఉంది. అతను నడుముకు తాడు కట్టుకున్నాడు. తాటిచెట్టుకు రెండింతల ఎత్తు. ఆకుల్లో కలిసిపోయాడు. చాలాసేపటికి ఒక అరుపు, ఆ తరవాత కొమ్మలు విరిగిన చప్పుడు.

మధ్యలో తాడు పట్టబట్టి ప్రాణం దక్కింది. నడుము విరిగింది, కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆస్పత్రి వరండాలో అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "ఆ కాయ దొరికిందా అమ్మా? స్పృహ లేకుండా అదే కలవరిస్తున్నాడు" అంది.

"దొరికింది" అన్నాను.

ఆవిడ కోసమే అలా అన్నానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. ఆవిడ కోసమైతే మాట చాలు, బొమ్మ ఎందుకు? ఖాళీ వదిలితే అందరూ ఆ ఖాళీనే చూస్తారు. ఒక మనిషి కాళ్ళు పోయింది దీని కోసమా అంటారు. అందుకని గీశాను. పొగచెట్టు కుటుంబంలోని మిగతా చెట్లన్నిటికీ గుండ్రటి కాయలే కాబట్టి గుండ్రంగా గీశాను. ఎరుపు వేశాను. కింద 'చూసి గీసినది' అని రాశాను.

ఇప్పుడు లేని కాయ కోసం ముగ్గురిని ఎక్కిస్తున్నారు. దారి కూడా నేనే చెప్పాను.

జూలై 5

ఉడత ఇంటికి వెళ్ళాను. ఆస్పత్రిలో చూడడమే, మళ్ళీ చూడలేదు. పని ఒత్తిడి అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళ పని ఒత్తిడి!

వంతెన దాటాక, మెకానిక్ షెడ్ల వెనక సందు. వాకిట్లో నేల మీద కూర్చుని పాత కుర్చీకి కొత్త పేము అల్లుతున్నాడు. చేతులు అవే. జుట్టు మొత్తం నెరిసింది. చక్రాల పలక ఒకటి పక్కన పెట్టి ఉంది. నన్ను చూసి క్షణం కూడా తడుముకోలేదు.

"మీరా అమ్మా! రండి. ఈ కుర్చీలో మాత్రం కూర్చోకండి, ఇంకా అల్లలేదు, దిగబడిపోతారు" అని నవ్వాడు.

భార్య పోయి నాలుగేళ్ళయిందట. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు అనబోయి ఊరుకున్నాను.

పేము ఎక్కడ కొంటావు, కుర్చీకి ఎంత ఇస్తారు అని అడిగాను. చివరికి, "ఆ రోజు... కాయ" అన్నాను.

"కొయ్యలేదమ్మా. బారెడు దూరంలో ఉంది. చెయ్యి చాచాను, కాలు జారింది."

"చూశావా?"

"చూడకేం! గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మూడు రెక్కలు, ఎండాకులా పల్చగా. గాలికి ఒకటి ఊడి గిరగిరా తిరుగుతూ నా మొహం ముందునుంచే పోయింది. దాన్నే పట్టుకోబోయాను."

వాకిట్లో పేము ముక్కలున్నాయి. వాటిని ఏరి ఒక పక్కకు చేర్చాను.

"హెర్బేరియం వేసిన నా బొమ్మల పుస్తకంలో ఆ కాయ చూశావా?"

"చూశాను. మా ఆవిడ హెర్బేరియం వాళ్ళనడిగి తెచ్చింది. మా ఆయన తెచ్చిన కాయే అని అందరికీ చూపించుకుంది పాపం. ఎర్రగా గుండ్రంగా ఉంది. మీరు ఇంకో చెట్టు మీదనుంచి తెప్పించుకున్నారేమోలే అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదమ్మా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడి బయటపడేదాన్ని. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి ఒక్క మాట అడిగి ఉంటే ఇతను చెప్పేవాడు, నేను గీసేదాన్ని, రెక్కలతో సహా సరిగ్గా ఉండేది. నా నియమం ప్రకారం అదీ చూసి గీసినది కాదు. కానీ నిజమై ఉండేది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అంతే, ఇంకే కారణమూ లేదు.

జూలై 6

డైరెక్టరుకు ఉత్తరం రాశాను. కాయను చూడలేదనీ, ఊహించి గీశాననీ, అమ్మాయి తెచ్చిందే అసలు పొగచెట్టనీ, ఎవరినీ చెట్లెక్కించవద్దనీ రాశాను. ఏడు వాక్యాలు. రాయడానికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టింది.

జూలై 9

డైరెక్టరు ఫోను చేశాడు. గొంతులో తేనె.

"మేడం, ఈ వయసులో జ్ఞాపకాలు తారుమారు అవుతుంటాయి. మా అమ్మకీ అంతే. మీరు కంగారు పడకండి. ఉత్తరం నా దగ్గరే ఉంచుతాను, ఎవరికీ చూపించను."

"జ్ఞాపకం ఇప్పుడే సరిగ్గా ఉంది."

"కొత్త జాతి అని పత్రికలకు కూడా చెప్పేశాం మేడం."

మతిమరుపు ముసలమ్మను చేసి నన్ను కాపాడుతున్నాడట. ఫోను పెట్టేసి అదే ఉత్తరం మళ్ళీ రాసి కొత్తమ్మాయికి పంపాను. ఈసారి పది నిమిషాలు పట్టింది.

జూలై 14

కొత్తమ్మాయి వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. అరుస్తుందని సిద్ధంగా ఉన్నాను, అరవలేదు. కొత్త జాతి చేతిలోంచి పోయిందని ఏడవలేదు కూడా. కాఫీ మొత్తం తాగింది.

"మీరు చెప్పడం పెద్ద విషయమే మేడం. నాకు కోపం లేదు" అంది. తరవాత సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "కానీ మిగతావాటి సంగతేంటి?"

నేను గీసిన నాలుగు వందల పదమూడు బొమ్మల జాబితా. ఒక్కో బొమ్మ ఎదురుగా ఆకు, పువ్వు, కాయ అని మూడు గళ్ళు. 'చూశాను', 'చూడలేదు' అని నేను రాసివ్వాలి.

"మిగతావన్నీ చూసి గీసినవే" అన్నాను.

"దాని మీదా అలాగే రాసుంది కదా మేడం."

చెంప మీద కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. నా మాట నాకే అప్పగించి, తల వంచుకొని వెళ్ళిపోయింది. తన స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. అందుకే ఇంకా మండిపోతోంది.

జూలై 15

"ఒక్క కాయకి ఇంత రాద్ధాంతమా? నలభై ఏళ్ళ పని మీద నీళ్ళు పోసుకుంటావా? అన్నీ చూశానని రాసి పారెయ్ అక్కా" అంది చెల్లి.

పోసుకోవడం కాదు, పోసేశాను. దానికి అర్థం కాలేదు.

జూలై 17

జాబితాలో వంద దాకా వచ్చాను. అన్నిటికీ 'చూశాను' అనే రాశాను. నిజంగానే చూశాను. వరసగా అదే మాట రాస్తుంటే నాకే అబద్ధంలా కనిపిస్తోంది.

జూలై 19

జాబితా, పుస్తకాలు పట్టుకొని ఉడత దగ్గరికి వెళ్ళాను. పదకొండేళ్ళ అడవి అతనికే తెలుసు. సాక్షి అంటూ ఉంటే అతనొక్కడే.

కుర్చీ అల్లడం అయిపోయింది, అందులోనే కూర్చోబెట్టాడు. ఒక్కో బొమ్మ చూపిస్తుంటే చెట్టు చెట్టూ చెబుతున్నాడు. "ఇది వాగు పక్కది. చీమలు కుట్టి నా మొహం గుమ్మడికాయైంది, మీరు నవ్వు ఆపుకోలేక రంగు ఒలకబోశారు. చూశారు." "ఇదీ చూశారు. గొడుగు ఎగిరిపోయింది ఇక్కడే." నాకు గుర్తు లేనివి కూడా చెప్పాడు. అన్నీ చూసినవే. రొమ్ము విరుచుకొని హెర్బేరియానికి వెళ్ళొచ్చు అనిపించింది. చాలా రోజుల తరవాత నవ్వాను.

ఎనభై ఏడో బొమ్మ దగ్గర ఆగాడు. తెల్లటి పువ్వు, లోపల లేత ఊదా చారలు. పుస్తకం అట్ట మీద వేసింది దాన్నే. నేను గీసినవాటిలో నాకన్నిటికంటే ఇష్టమైనది.

"ఇది చూడలేదమ్మా" అన్నాడు.

"సరిగ్గా చూడు. ఇది చూడకపోవడమేంటి?"

"మీకు జ్వరం. డేరాలోంచి లేవలేదు. నేను తెచ్చేసరికి పువ్వు వాడి నల్లగా అయింది. చారలు ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి అని నన్ను అడిగి అడిగి గీశారు. నా చెయ్యి పట్టుకొని ఏడ్చారు కూడా, బాగా చెప్పావని."

లేదు. నేను చూశాను. పొద్దుటి వెలుగులో దాని మీద నీటి బొట్లు కూడా నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాను, నేల మెత్తగా ఉంది. ఇవన్నీ అతనికి చెప్పాను. గొంతు పెంచి చెప్పాను. అతను వాదించలేదు.

"మీరెలా అంటే అలాగే రాసుకోండమ్మా" అన్నాడు.

ఎనభై ఏడుకు అంతకుముందు రాసింది కొట్టేసి, 'చూడలేదు' అని రాశాను.

అతను రాని అడవుల బొమ్మలు రెండు వందల అరవై ఉన్నాయి. అవన్నీ కూడా నాకు ఇంతే బాగా గుర్తున్నాయి.